ఒకే నాడె

గోవిందయ్యకు టీబీ అని తేలిన రోజే ఆయన పెళ్ళాం వరదమ్మ ఆయన పళ్ళెం, లోటా వేరు చేసింది. బూడిదతో తోమి పెరటి గోడకున్న మేకుకు తగిలించేది. పడక నడవలోకి మార్చింది. వల్లి ఆ పళ్ళెం ముట్టుకుంటే చాలు, చేతులు కడుక్కోమనేది. ఉన్న ఒక్క కూతురికి ఆ జబ్బు అంటకూడదన్నదే ఆమె పట్టుదల.

ఇంట్లోని మరమగ్గం మాత్రం ఆగలేదు. ఆగితే నూలిచ్చి గుడ్డ నేయించుకునే ముదలాళి ఆ పడుగు నూలును ఇంకో ఇంటికి ఇచ్చేస్తాడు. నగరిలో ఆ వీధికి కరెంటు పొద్దున పూటే ఉండేది. ఆసుపత్రిలో మాత్రలు ఇచ్చేదీ పొద్దున పూటే. దగ్గు కాస్త తగ్గగానే గోవిందయ్య మాత్రలకు పోవడం మానేశాడు.

దగ్గు మళ్ళీ వచ్చింది. ఆయన ఆయాసంతో పక్కకు తప్పుకుంటే వల్లి మగ్గం దగ్గర నిలబడేది. కండె అయిపోయినప్పుడల్లా మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో నూలు చుట్టిన కొత్త కండె పెట్టి, నాడె కంతకు పెదవులు ఆనించి నూలు కొసను పీల్చి లాగాలి. వీధిలో అందరూ చేసేది అదే.

ఒకరోజు నాయన చేతిలోంచి తీసుకున్న నాడె వల్లి పెదవికి తడిగా, వెచ్చగా తగిలింది. కాసేపు దాన్నే చూసి అమ్మ దగ్గరికి పోయింది.

"అమ్మా, పళ్ళెం వేరు పెట్టినాము. నాడె ఒకటే కదా."

బియ్యం ఏరుతున్న వరదమ్మ చెయ్యి ఆగింది.

మరునాటి నుంచి నోటితో కాకుండా సన్నటి కమ్మీ కొక్కెంతో నూలు లాగమంది. వల్లి కొక్కెంతో కండె మార్చేలోపల పక్కింటి మగ్గం ఎంతో ముందుకు పోయేది. ముదలాళి మనిషి మురుగేష్ వచ్చి గుడ్డ కొలిచాడు.

"ఏమప్పా గోవిందయ్యా, నీ మగ్గం గూడా నీ మాదిరే ఆయాసపడతా ఉండాదే" అని నవ్వాడు. ఇట్లయితే ఇంకో పడుగు రాదని చెప్పి పోయాడు.

వరదమ్మ కొక్కెం గూట్లో పెట్టింది. "నువ్వు నాడె ముట్టాకు. ఇంక నేనే నేస్తా" అంది.

వానలు పడేసరికి పెరటి గోడకు రెండో మేకు దిగింది. వరదమ్మ తన పళ్ళెం తానే తగిలించుకుంది.

మరునాటి పొద్దున కరెంటు వచ్చింది. పక్కిళ్ళలో మగ్గాలు మొదలైనాయి. వల్లి గూట్లోంచి కొక్కెం తీసింది, మళ్ళీ అక్కడే పెట్టింది. ఓణీ కొంగుతో నాడె తుడిచింది. నడవలోకి చూసింది. నాయన పక్కనే వేసుకున్న పడకలో అమ్మ మేలుకునే ఉంది. వల్లి చేతిలో నాడె చూసి గోడవైపు తిరిగి పడుకుంది.

వల్లి పెదవులు ఆనించి నూలు లాగింది.