పీర్ల పాటల యూనిట్

ఆరీఫా జొన్నరొట్టెలు తడుతుంటే భర్త బాషా నవ్వాడు. "మీ యూనివర్సిటీలో తెల్లోళ్ళ పాఠాలు తీసేస్తాండారంటనే! వాళ్ళ సంగతి మళ్ళ చూద్దువుగానీ, ముందు నా డబ్బా కట్టు." మంచివాడే బాషా. ఆమె మీద చేయెత్తి ఎరుగడు, తిన్న కంచం ఎత్తీ ఎరుగడు. అత్త అమీర్ బీ మాత్రం గోడవైపు తిరిగి, "దినామూ ఆ కంప్యూటర్ ముందర కూచుంటే ఈమెకేమన్నా పేరొస్తాదా?" అంది.

రాదని ఆరీఫాకూ తెలుసు. ఇన్నేళ్ళూ ఈ సీమ కరువు చరిత్ర అంటే దొరల నివేదికలే. కొత్త సిలబస్ మొత్తం ఆమే తయారుచేసింది, అంట్లు తోమిన చేతులతోనే. పైన పేరు మాత్రం డిపార్ట్‌మెంట్ హెడ్ హరినాథ్‌ది. దున్నేటప్పుడు దూడల్లో, మేసేటప్పుడు ఎద్దుల్లో ఉండే రకం ఆయన. అయినా ఆమె నోరెత్తలేదు. ఏటేటా ఆమె లెక్చరర్ కాంట్రాక్టు పొడిగించాల్సింది ఆయనే మరి.

ఆ రోజు సిలబస్ మీటింగులో ఆమె ఒక్కతే ఆడమనిషి కాబట్టి చాయ్ పంచే పనీ ఆమెదే అయింది. అందరికీ ఇచ్చి కూర్చోబోతుంటే హరినాథ్ చివరి యూనిట్ దగ్గర ఆగాడు. అందులోవి కరువు రోజుల్లో, పీర్ల పండగప్పుడు, అన్ని కులాల ఆడవాళ్ళూ నిప్పుల గుండం చుట్టూ తిరుగుతూ పాడిన పాటలు. వాన కోసం, పుట్టీ దక్కని బిడ్డల కోసం పాడినవి.

"ఇది తీసేయమ్మా. తెల్లోళ్ళవి పోయి మనవి రావల్లనే కదా ఈ తిప్పలంతా! పీర్లు మనవెట్లయితాయి? ఆడోళ్ళ ఏడుపులు చరిత్ర ఎట్లయితాది?"

ఆరీఫాకు ఒళ్ళు మండింది. ఒక్క మాటతో ఆమెను రెండుసార్లు గడప బయటికి నెట్టాడు. ఎప్పటిలా తలూపితే ఇంకో ఏడాది ఉద్యోగం నిలుస్తుంది. ఆమె తలూపలేదు.

"సార్, మీ నాయన పేరేంది?"

"ఫక్కీరప్ప. ముందు పుట్టినోళ్ళు దక్కలేదని పీర్లకు మొక్కుకొని పెట్టినారు." అనేశాక గానీ తానేమన్నాడో ఆయనకు తట్టలేదు. తక్కినవాళ్ళు చాయ్ తాగడం ఆపారు.

"మొక్కుకునింది ఎవరు సార్?"

"మా జేజి, నాయనను కన్నతల్లి."

"ఆయమ్మ పేరు?"

హరినాథ్ నోరు తెరిచాడు. పేరు రాలేదు. నుదురు రుద్దుకున్నాడు, పక్కవాళ్ళవైపు చూశాడు. అయినా రాలేదు. ఆయన్ని చూస్తే ఆరీఫాకు కోపం పోయి జాలి వేసింది.

"దొరల రాతల్లో ఆయమ్మ లేదు సార్. ఇది తీసేస్తే మన రాతల్లోనూ ఉండదు," అంది నెమ్మదిగా. "నేను మాత్రం తీయను. తీసేసేటట్టయితే ఆయమ్మతో పాటు నన్నూ తీసేయండి."