పూల్ స్టిక్కుకు ప్లంబర్ టేపు

హలో, వినబడుతోందా? అందరూ బాగున్నారు కదా? చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి, చిన్న కథే.

ఒక ప్లంబర్ ఉన్నాడు. సాయంత్రాలు వీధిలోని హాల్లో, బల్ల మీద బంతుల్ని స్టిక్‌తో కన్నాల్లోకి కొట్టే పూల్ ఆడతాడు. పక్కవీధి హాలుతో పోటీకి వెళ్లే జట్టులో ఒక చోటు ఖాళీ అయితే ఇద్దరు ఎగబడ్డారు: ఇతనూ, సెలూన్ నడిపే ఇతని బామ్మర్దీ. ఒక్క ఆట ఆడండి, గెలిచినవాడిదే చోటు అన్నాడు హాలు యజమాని. బామ్మర్ది చేతిలో ఓడిపోయి ఇంటికెళితే భార్య ముందు తలెత్తుకునేదెలా అన్నది ప్లంబర్ బెంగ.

ఆడలేక మద్దెల ఓడు అంటారు గానీ, ఇతని మద్దెల నిజంగానే ఓడు. రెండు ముక్కల్ని మర తిప్పి కలిపే స్టిక్ అది. అతుకు వదులై, కొట్టినప్పుడల్లా టకటకమనేది. ప్లంబర్‌కు వదులు ఒక లెక్కా? పైపులకు చుట్టే తెల్ల టేపు మరకు చుట్టి బిగించాడు. అయినా ఊగింది. ఇంకాస్త చుట్టాడు. మరీ ఊగింది.

ఆట సగంలో బామ్మర్ది ఆ చప్పుడు భరించలేకపోయాడు.

"చుక్క నీరు కారట్లేదులే బావా. ఇటివ్వు."

స్టిక్ విప్పి టేపు ఊడబెరికాడు. దాని మందానికి మర మధ్యలోనే పట్టేసి, రెండు ముక్కల అంచులూ ఆనడమే లేదు. అసలు రోగమేమో ఆ అంచుల మీద పేరుకున్న, స్టిక్ కొనకు రాసే చాక్ పొడి. జేబులో ఉన్న, సెలూన్లో మెడ మీద వెంట్రుకలు దులిపే బ్రష్షుతో దులిపి, పొడిగుడ్డతో తుడిచి, అంచులు ఆనేదాకా చేత్తోనే తిప్పాడు. పానా పెట్టి బిగిస్తే మర పాడవుతుందనీ, ఆట కాగానే విప్పి తుడిచి సంచిలో పెట్టుకోమనీ హితబోధ కూడా చేశాడు.

ప్లంబర్ గురిపెట్టాడు. చివరికి ఇద్దరికీ మిగిలింది నల్ల బంతే, వేసినవాడిదే ఆట; అదీ పాకెట్ కన్నం ముందే ఉంది. స్టిక్ చప్పుడు చెయ్యలేదు, ఊగలేదు. బంతి మాత్రం పాకెట్ అంచుకు తగిలి వెనక్కొచ్చింది. తన వంతు రాగానే బామ్మర్ది దాన్ని పాకెట్‌లోకి తోసేశాడు. జట్టులో చోటూ అతనికే దక్కింది.

ఇప్పుడేమంటాడా అని హాలంతా చూస్తోంది. ప్లంబర్ స్టిక్‌ను అటూ ఇటూ తిప్పాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. బల్ల వాలి ఉందేమో చూడ్డానికి పనిసంచిలోంచి రసమట్టం తీసి దాని మీద పెట్టాడు. బుడగ సరిగ్గా మధ్యలో నిలిచింది.

"ఏమంటోంది బావా?"

"దీనికి వయసైపోయిందిరా," అన్నాడు ప్లంబర్ రసమట్టాన్ని సంచిలో పడేస్తూ. "కొత్తది కొనాలి."

మీ చుట్టాల్లో ఇలాంటి బావ ఒకరు ఉండే ఉంటారు. ఈ కథ ఆయనకు పంపించండి. ఎవరు చెప్పారని అడిగితే మాత్రం నన్ను ఇరికించకండి.