ఆశన్న జిమ్మా

మూడో నంబర్ గనిలో ఆశన్న ముఠాకు ఒక పద్ధతి ఉండేది. మందు పేల్చాక పొగ తేలిపోయేదాకా అందరూ వెనకే ఆగేవాళ్లు. సర్దార్ కాబట్టి ఆశన్న ఒక్కడే ముందుకు పోయి తన పొడుగాటి కర్రతో పైకప్పును కొట్టి చూసేవాడు. ఖణేల్‌మని మోగితే రాయి గట్టిగా ఉన్నట్టు. డొల్లగా పలికితే రాయి విడిచి ఉన్నట్టు, దాన్ని గునపంతో దించేదాకా అక్కడ ఎవరూ అడుగు పెట్టకూడదు. అడుగడుక్కీ కొట్టి, చెవి ఒగ్గి విని, చివరికి వెనక్కి తిరిగి "రాండ్రి" అనేవాడు. ఆ ఒక్క మాటకు పదకొండు మంది తట్టలూ పారలూ పట్టుకుని లోపలికి పోయేవాళ్లు. సర్దార్‌గా పద్నాలుగేళ్లు చేశాడు, ఆ మాట రెండోసారి చెప్పాల్సిన అవసరం ఒక్కనాడూ రాలేదు.

ఆ పదకొండు మందిలో బాపయ్య సంగతి వేరు. ఎనిమిదేళ్ల కిందట మందు మరీ దగ్గరలో పేలి అతని కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవికి కేకలేస్తే ఏదో కాస్త వినపడుతుంది. ఇది ఆశన్నకూ, బాపయ్య భార్య ఈరమ్మకూ తప్ప మూడో మనిషికి తెలియదు. బాపయ్య కర్ర చప్పుడు వినేవాడు కాదు, టోపీ దీపం వెలుగులో ఆశన్న మొహం చూసేవాడు. ఆ మొహం కుదుటపడితేనే కాలు కదిపేవాడు. ఆశన్న కూడా అతన్ని చేయి చాపితే అందేంత దూరంలోనే పనికి పెట్టుకునేవాడు. ఇది రూలుకు విరుద్ధమని తెలుసు. తెలిసే దాచాడు. ఇద్దరూ ఒక ఊరివాళ్లు, వరసకు బావలు, ఇరవై రెండేళ్ల కిందట ఒకే రైల్లో వచ్చి బల్లార్‌పూర్ స్టేషన్లో దిగినవాళ్లు.

తొంభై ఆరులో కంపెనీకి మార్పు పూనింది. ఇకమీదట సర్కారు డబ్బివ్వదట, ప్రైవేటు గనులు వస్తాయట, పరాయి దేశాల బొగ్గు ఓడల్లో దిగుతుందట, కనుక అందరూ మారాలట. బొగ్గు ఎత్తిపోసే యంత్రాలు కొంటున్నారు, మనుషులు ఎక్కువయ్యారు, అసలు సంగతి అంతే. ఆ మాట సూటిగా చెప్పే దమ్ము లేక పుణె నుంచి ఒక మనిషిని పిలిపించారు. పేరు నవనీత్. ముప్పై అయిదేళ్లుంటాయి. మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కా, ఎప్పుడూ ఆరని నవ్వు, రెండు గజాల దూరానికి కొట్టే సెంటు వాసన. ప్రతివాణ్ణీ పేరు పెట్టి పిలిచి భుజం మీద చెయ్యి వేసేవాడు. ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉండేది.

అతను ఒకరోజు గనిలోకి దిగి, ఆశన్న పైకప్పు కొట్టి చూడటం కళ్లప్పగించి చూశాడు. కర్ర తను కూడా పట్టుకుని రెండుసార్లు కొట్టాడు. "అద్భుతం ఆశన్నాజీ, అద్భుతం!" అన్నాడు హిందీలో. పద్నాలుగేళ్లలో కంపెనీవాడెవడూ ఆ పనిని అద్భుతం అనలేదు. ఆశన్నకు గుండె కాస్త పొంగిన మాట నిజం.

చంద్రపూర్‌లో ఒక పెళ్లిళ్ల హాలు తీసుకుని మూడు రోజుల శిబిరం పెట్టారు. పూర్తి జీతం, పెద్ద కూలర్లు, మధ్యాహ్నం పూరీ, తియ్యటి శ్రీఖండ్. మే నెల ఎండల్లో ఎవడు కాదంటాడు? మనవలను ఎత్తుకున్న మగాళ్ల చేత బుడగలు ఊదించారు. కళ్లకు గంతలు కట్టి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నడవమన్నారు. వెనక్కి పడిపోండి, మీవాళ్లు పట్టుకుంటారు, దాన్నే నమ్మకం అంటారు అన్నారు. రోజూ నాలుగు వందల అడుగుల లోతుకు దిగే మనుషులకు అద్దె హాల్లో, పరుపుల మీద నమ్మకం నేర్పించారు. ఇంతకన్నా రోత పని ఇంకొకటి ఉంటుందా?

రెండో రోజు తెర మీద ఆశన్న బొమ్మ వేశారు. చేతిలో కర్ర, పైన కప్పు, వెనక మనుషులు. "ముందు తను పోయి, ప్రమాదం తను చూసి, తర్వాత తనవాళ్లను పిలిచే మనిషి. నాయకత్వం అంటే ఇదీ!" అన్నాడు నవనీత్. "ఇవాళ్టి నుంచి మీరు సర్దార్ కాదు, కోచ్" అంటూ ఆశన్న చొక్కాకు పసుపుపచ్చ బ్యాడ్జీ పెట్టాడు. హాలంతా చప్పట్లు. ఆశన్న ఇంటికి పోయి ఆ బ్యాడ్జీని తన భార్య ప్రభావతికి మూడుసార్లు చూపించాడు. తర్వాతి రోజుల్లో అది గుర్తొచ్చినప్పుడల్లా తన మీద తనకే అసహ్యం వేసేది.

మూడో రోజు కుర్చీలను గుండ్రంగా వేయించి ముఠా మొత్తాన్ని కూర్చోబెట్టారు. మనసు విప్పి మాట్లాడాలి. ఎవరి భయం ఏమిటి, ఎవరి లోపం ఏమిటి, కొత్త యంత్రం వస్తే ఎవరికి ఏం కష్టం, అన్నీ చెప్పుకోవాలి. ఇక్కడ చెప్పింది ఈ గోడలు దాటదని నవనీత్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఒక్కడూ నోరు తెరవలేదు.

నవనీత్ ఆశన్నను తాగేనీళ్ల కుండ దగ్గరికి తీసుకుపోయి భుజం మీద చెయ్యి వేశాడు. "వీళ్లు నా మాట నమ్మరు, మీ మాట నమ్ముతారు. ఎవరి ఇబ్బంది ఏదో తెలిస్తే వాళ్లకు తగ్గ ట్రైనింగ్ ఇస్తాం. గనిలో కొట్టి చూసి చెబుతారు కదా, ఇక్కడ కూడా మీరే చెప్పండి" అన్నాడు.

ఆశన్న కొట్టి చూడలేదు. చూసే ఉంటే ఆ నవ్వు ఎంత డొల్లదో అప్పుడే పలికేది. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని, "చెప్పుండ్రి. ఈడ మాట్లాడింది ఈడనే ఉంటది. నాది జిమ్మా, ఏమన్నయితె నన్నడుగుండ్రి" అన్నాడు.

దాంతో ఒక్కొక్కరే మొదలుపెట్టారు. ఒకడు తనకు అక్షరం ముక్క రాదనీ, నోటీసు బోర్డు చదివినట్టు నటిస్తాననీ చెప్పాడు. ఒకడు మోకాలు వంగడం లేదన్నాడు. ముఠాలో కుర్రవాడు, ముప్పై దాటని నాగేష్, మూడో షిఫ్టులో రెండుసార్లు నిద్రపోయానని తల దించుకున్నాడు. చివరికి బాపయ్య మిగిలాడు. అతను ఆశన్న మొహంలోకి చూశాడు, గనిలో చూసినట్టే. ఆశన్న చెప్పమన్నట్టు తల ఊపాడు.

"నాకు ఇనపడది" అన్నాడు బాపయ్య. "కుడి చెవు పోయి ఎనిమిదేండ్లాయె. ఎడమ దిక్కు మొత్తుకుంటె ఇంత ఇనపడతది. సర్దార్ మొకం చూసుకుంట పని చేస్తున్న."

నవనీత్ లేచి అతన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు. కళ్లలో నీళ్లు కూడా తెచ్చుకున్నాడు, ఆ విద్య కూడా అతనికి వచ్చు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు బాపయ్యకు వినపడలేదు, చేతులు మాత్రం కనపడి సిగ్గుగా నవ్వాడు. గోడ దగ్గర నవనీత్ మనిషి ఒకడు పెద్ద కాగితం మీద రంగు పెన్నుతో అన్నీ రాసుకుంటున్నాడు. ఆశన్న అది చూశాడు. ఎందుకని అడగలేదు.

సాయంత్రం కోచ్‌కు ఒక కాగితం ఇచ్చారు. మార్పుకు ఎవరు ఎంత సిద్ధంగా ఉన్నారో అయిదింటికి మార్కులు వేయాలి. "తక్కువ వేసినవాళ్లకు ఎక్కువ ట్రైనింగ్" అన్నాడు నవనీత్. ఆశన్న బాపయ్యకు ఒకటి వేశాడు. ఇంకో ముగ్గురికి కూడా ఒకటి. బావకు మేలు చేస్తున్నాననుకుంటూ సొంత చేత్తో, నీలం పెన్నుతో వేశాడు.

శిబిరం అయిపోయిన పన్నెండో రోజు నాలుగు ఉత్తరాలు వచ్చాయి. కొత్త పద్ధతికి సిద్ధంగా లేరు కనుక భూమి లోపలి పని నుంచి తప్పించడమైనది, దీంతో పాటు ఉన్న స్వచ్ఛంద విరమణ ఫారం నింపవలెను. నాలుగూ ఆ ఒకటి మార్కువాళ్లకే. మొదటి పేరు బాపయ్యది.

ఆశన్న డ్యూటీ బట్టలతోనే పర్సనెల్ ఆఫీసర్ బాపురావు గదికి పోయాడు. నవనీత్ అక్కడే ఉన్నాడు, రెండో జట్టు శిబిరం కోసం వచ్చాడట. బిస్కెట్లు టీలో ముంచుకుని తింటున్నాడు. ఆశన్నకు కుర్చీ వేయించి, ఇంకో టీ తెప్పించాడు.

"గోడ దాటదంటిరి గద సాబ్" అన్నాడు ఆశన్న, వచ్చీరాని హిందీలో.

"దాటలేదు కదా ఆశన్నాజీ. మేనేజ్‌మెంట్ కూడా మన కుటుంబమే. ఇంట్లో మాట ఇంట్లోనే ఉంది."

"తక్కువేస్తే ట్రైనింగ్ ఇస్తమంటిరి."

"ఇస్తున్నాం. విరమణ తీసుకున్నవాళ్లు కిరాణా కొట్టు ఎలా పెట్టుకోవాలో రెండు రోజుల ట్రైనింగ్ ఉంది. భోజనం మాదే."

ఆశన్న బాపురావు వైపు తిరిగాడు. "నా కాయిదం నాకియ్యుండ్రి. మార్కులు దిద్దిస్త" అన్నాడు.

బాపురావు ఫైలు మూశాడు. "అది టైపయి నాగ్‌పూర్ హెడ్డాఫీసుకు పోయింది. అయినా చెవిటివాణ్ణి ఎనిమిదేళ్లు గనిలో దాచినందుకు ముందు నీ మీద చర్య తీసుకోవాలి. నవనీత్ సార్ వద్దన్నారు, మా మంచి కోచ్ అన్నారు, అందుకే వదిలేశాం" అన్నాడు.

ఆ మాటకు ఆశన్న ఊపిరి పీల్చుకున్నాడు. ఒక్క క్షణమే. తన ఉద్యోగం దక్కిందన్న ఊపిరి అది. వెంటనే తన లోపలి నుంచే ఏదో కుళ్లు వాసన కొట్టినట్టయింది. ఎదురుగా పెట్టిన టీ తాగాడు. మర్యాదకు మొత్తం తాగాడు. వచ్చే వారం బల్లార్‌పూర్ శిబిరంలో ఆ కర్ర కథ మీరే చెప్పాలని నవనీత్ అంటుండగా లేచి బయటికొచ్చి, సైకిళ్ల షెడ్డు వెనక గోడ పట్టుకుని ఆ టీ అంతా కక్కేశాడు. బ్యాడ్జీ తీసి అందులోనే పారేశాడు. చొక్కాకు సూది గుచ్చిన రెండు చిల్లులు మిగిలాయి.

అటునుంచి అటే బాపయ్య వాళ్లుండే బాబుపేట్ పోయాడు. బాపయ్య ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు, ఉత్తరం మడత విప్పకుండా మోకాలి మీద పెట్టుకుని. ఆశన్నను చూసి లేచి చోటిచ్చాడు. తిడితే బాగుండేది, తిట్టలేదు.

"బావా, నన్ను గూడ మోసం జేసిన్రు" అన్నాడు ఆశన్న, అతని ఎడమ చెవి దగ్గర గట్టిగా.

బాపయ్య తల అడ్డంగా ఊపాడు. "ఆళ్లెవరో నాకెర్క లేదు బావా. నేను నీ మొకం చూసి చెప్పిన."

గడప దగ్గర నిలబడ్డ ఈరమ్మ అప్పుడు నోరు విప్పింది. "అన్నా, మా ఆయినకు చెవులు ఇనపడవని నా కన్న పిల్లలకు గూడ చెప్పలే. ఎనిమిదేండ్లు కడుపుల పెట్టుకున్న. నువ్వు నలుగుట్ల చెప్పిచ్చి చప్పట్లు కొట్టిచ్చినవ్." అనేసి లోపలికి పోయింది. మంచినీళ్లు ఇవ్వలేదు. ఇరవై రెండేళ్లలో ఆ ఇంట ఆశన్నకు నీళ్లు ఇవ్వకపోవడం అదే మొదలు.

సోమవారం మొదటి షిఫ్టు. ముఠాలో ఏడుగురు మిగిలారు. మందు పేలింది, పొగ తేలింది. ఆశన్న కర్ర పట్టుకుని ముందుకు పోయాడు. ఎన్నడూ లేనంత జాగ్రత్తగా, జానెడు జానెడుకీ కొట్టాడు. ప్రతి దెబ్బకూ పైకప్పు ఖణేల్‌మంది. వెనక్కి తిరిగాడు. చూపు ముందు బాపయ్య నిలబడే చోటికి పోయింది. అక్కడెవరూ లేరు.

"రాండ్రి" అన్నాడు.

ఏడు దీపాలూ ఉన్నచోటే ఉన్నాయి. వినపడలేదేమో అనుకున్నాడు.

"రాండ్రి, మంచిగున్నది."

అది రెండోసారి అన్న సంగతి, నోరు దాటాక గానీ అతనికి తట్టలేదు. నాగేష్ ముందుకొచ్చాడు. కోపం లేదు, ఎగతాళి లేదు. చెయ్యి చాపి, "జర గా కర్ర ఇటియ్యి మామా" అన్నాడు.

ఆశన్న ఇచ్చాడు. నాగేష్ ఆ చివర నుంచి ఈ చివరి దాకా పైకప్పు కొట్టి, చెవి ఒగ్గి విని, కర్ర పక్కవాడికి అందించాడు. వాడూ కొట్టి చూసి ఇంకొకడికిచ్చాడు. ఏడుగురూ కొట్టి చూశారు. ఏడుగురికీ అదే చప్పుడు వినపడింది. కప్పు గట్టిగానే ఉంది, ఆశన్న చెప్పింది నిజమే.

"పోదాం పాండ్రి" అన్నాడు నాగేష్, మిగతావాళ్లతో. అందరూ తట్టలూ పారలూ ఎత్తుకుని, గోడకు ఒదిగి నిలబడ్డ ఆశన్నను దాటుకుంటూ లోపలికి పోయారు. చివరివాడు కర్రను అతని చేతికివ్వకుండా గోడకు ఆనించి పోయాడు.