గడి గుమ్మంలో మీసం

ఆముదం రెండు చుక్కలు అరచేతిలో వేసుకున్నాక గుర్తొచ్చింది జంగయ్యకు, రాసుకోవడానికి మీసం లేదని.

పారబోయడానికి మనసొప్పలేదు. గడప మీద కూర్చుని, ఆ నూనె మోకాళ్లకు రుద్దుకున్నాడు. ఎదురుగా గోడకు నిలబెట్టిన నులకమంచం ఉంది. పదమూడు రోజుల కిందటి దాకా దాని మీద తండ్రి అనంతయ్య దగ్గుతూ పడుకునేవాడు. మంచానికి పైన, ఓటరు కార్డులోని ఫొటోను పెద్దది చేయించి తగిలించారు. ఆ ఇంట్లో అనంతయ్యకు అదొక్కటే ఫొటో. దానికి వేసిన దండ ఎండి, పూరేకులు కింద రాలుతున్నాయి.

పొయ్యి దగ్గర్నుంచి భార్య రేణుకమ్మ చూసింది.

"ఇయ్యాల్నే పోవాల్నా? ఇంకో వారం ఆగరాదు."

"ఐతారం పోకుంటె ఇంకొకణ్ని పెట్టుకుంటరు."

"పోతె మాత్రం? గీ మొకం జూసి ఉంచుకుంటరా?"

రేణుకమ్మ మాట ఎప్పుడూ కరుకే. అబద్ధం మాత్రం ఉండదు. జంగయ్య లేచి, గుండు మీద తువ్వాలు చుట్టుకున్నాడు. గుండు దాచడం సులువే, పనిచేసే హోటల్లో తలపాగా ఇస్తారు. ముక్కు కింద బోడిగా, మిగతా ముఖం కంటే తెల్లగా ఉన్న ఆ బెత్తెడు చోటును ఏం పెట్టి దాచాలో తెలియడం లేదు.

యాభై నాలుగేళ్ల మనిషి. పొడుగు. బస్తాలు మోసి మోసి ఎడమ భుజం కిందికి జారింది. చిన్నప్పుడు దొర ఇంట్లో బర్రెలు కాశాడు, ఆ తర్వాత మామిడిపల్లి వైపు ఇసుక లారీల మీద కూలికి పోయాడు, తర్వాత ఒక ఫంక్షన్ హాలుకు వాచ్‌మన్‌గా ఉన్నాడు. ఆ పనుల్లో ఎక్కడా ఎవరూ అతని ముఖం వంక చూసిన పాపాన పోలేదు. చూడదగ్గది ఆ ముఖంలో ఒక్కటే ఉండేది, మీసం. రెండు చెంపల మీదుగా చెవుల దాకా వెళ్లి, అక్కడ గుండ్రంగా తిరిగేది. మింగ మెతుకు లేదుగాని మీసాలకు సంపెంగ నూనె అని వాళ్ల ఊరు సాతంరాయిలో అందరూ వెక్కిరించేవాళ్లు. చివరికి ఆ ఇంట్లో మెతుకు మింగించింది ఆ మీసమే.

రెండేళ్ల కింద శంషాబాద్ బస్టాపులో నిలబడి ఉంటే ఒక కారు ఆగింది. అందులోంచి దిగిన ఉదయభాస్కర్ అనే ఆయన అతని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, ఎయిర్‌పోర్టు రోడ్డు మీద కొత్తగా పెట్టిన హోటలుకు మేనేజర్ని అని చెప్పుకున్నాడు. గుమ్మంలో నిలబడాలి, అంతే పని. "నీ మీసం ఉన్నన్నాళ్లూ నీ ఉద్యోగానికి ఢోకా లేదయ్యా" అన్నాడు. జంగయ్య అది దీవెన అనుకున్నాడు. షరతని ఆ పూట తోచలేదు.

హోటలు పేరు 'గడి', వెనకటి దొరలు ఉండే కోట పేరు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ వ్యాపారస్తులెవరో కట్టారు. కొత్త గోడలకు పాత పెచ్చులు ఊడినట్టు రంగులేశారు. నడిమధ్య పల్లకీ పెట్టి అందులో ఐస్‌క్రీములు పేర్చారు. సర్వపిండి రొట్టె మీద చీజ్ కరిగించి పిజ్జా అంటారు, గోంగూరతో పాస్తా కలుపుతారు, అంబలిని కాళ్లున్న గాజుగ్లాసులో పోసి అంచుకు నిమ్మచెక్క గుచ్చుతారు. ఆదివారం ఆలస్యంగా లేచినవాళ్లు టిఫినూ భోజనమూ కలిపి ఒకే విడతలో తినడానికి పదకొండింటికి వస్తారు. దాన్ని బ్రంచ్ అంటారు. అసలు గడి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాడికి అక్కడ ముద్ద దిగదు. అలా నిలబడని వాళ్లకే ఆకలి దంచుతుంది.

ఎర్రకోటు, జరీ తలపాగా, పొన్నుకర్ర ఇచ్చారు. వచ్చిన ప్రతివాళ్లకూ నడుం దాకా వంగి "దండాలు దొరా" అనాలి. ఆ తర్వాత లేచి మీసం మెలేయాలి. మొదటి రోజు ఆ మాట నోట్లోంచి రాక జంగయ్య చాలా అవస్థపడ్డాడు.

ఎందుకంటే ఆ మాట తండ్రిది. దొర ఎదురైతే అనంతయ్య తలగుడ్డ విప్పి చంకలో పెట్టుకుని, మీసం కొనలు రెండు వేళ్లతో కిందికి దించి, "దండాలు దొరా" అనేవాడు. ఒకనాడు తొందరలో మీసం దించడం మరిచిపోయాడు. దొర గడి ముందరే కూర్చోబెట్టి సగం మీసం గొరిగించి, ఆ సగం ముఖంతో ఊరంతా తిప్పారు. ఆ తర్వాత అనంతయ్య మళ్లీ మీసం పెంచలేదు. కొడుకుతో ఆ సంగతి ఎన్నడూ విప్పి చెప్పలేదు. జంగయ్య ఊళ్లోవాళ్ల నోట విన్నాడు.

ఈ ఉద్యోగం గురించి చెప్పిన రోజున మాత్రం అనంతయ్య దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "నువ్వు మెలేస్తె వాళ్లే జీతమిస్తున్నరా? దునియా మారింది కొడుకా" అన్నాడు. ప్రాణం పోయే వారం ముందు, జంగయ్య గంజి తాగిస్తుంటే చెయ్యి చాపి కొడుకు మీసం తడిమాడు. "నేను పోతె గిది తియ్యకు. నాది తీసిండ్రు, సాలు."

తండ్రి కర్మ జరిగిన దినాల నాడు, క్షౌరం చేసే శంకరయ్య కత్తి పట్టుకుని తనే అడిగాడు కూడా. "మీసం ఉంచుకుంటవా జంగన్నా? ఇప్పుడు కొందరు ఉంచుకుంటున్నరు." చుట్టూ పెద్దమనుషులు, పాలివాళ్లు. బాపు వద్దన్నడు అనే మాట జంగయ్య గొంతు దాకా వచ్చింది. ఎందుకు వద్దన్నడని అడుగుతారు. అడిగితే ఆ సగం మీసం కథ మళ్లీ అందరి నోళ్లలో పడి నానుతుంది. చచ్చిపోయిన మనిషిని దినాల నాడు మళ్లీ ఊరంతా తిప్పినట్టవుతుంది. జంగయ్యకు అది ప్రాణం పోయినా ఇష్టం లేదు.

"తీసెయ్" అన్నాడు.

ఈ ఆదివారం షేర్ ఆటో దిగి 'గడి' హోటలు ముందుకు వచ్చేసరికి పదయింది. గుమ్మంలో అప్పటికే జంగయ్య నిలబడి ఉన్నాడు.

నిలువెత్తు అట్టబొమ్మ. ఎప్పుడో తీసిన ఫొటో. ఎర్రకోటు, జరీ తలపాగా, జోడించిన చేతులు, చెవుల దాకా మెలితిరిగిన మీసం. తన మీసాన్ని జంగయ్య అద్దంలో తప్ప అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. చెయ్యి దానంతటదే ముక్కు కిందికి పోయి, ఏమీ దొరక్క కిందికి దిగింది.

"నువ్వు లేని పన్నెండు రోజులూ వీడే నిలబడ్డాడయ్యా" అన్నాడు ఉదయభాస్కర్ లోపల్నుంచి వస్తూ. "టీ అడగడు, సెలవు అడగడు." నవ్వుతూ దగ్గరికి వచ్చి, ముఖం చూసి ఆగిపోయాడు. "ఏంటయ్యా ఇది?"

"మా బాపు పోయిండు గద సార్. దినాలు."

"మా నాన్నగారు పోయినప్పుడు నేనూ తీయించాను. నాకు మీసమే ఉద్యోగం కాదు కదా."

లోపలికి వెళ్లి సొరుగులోంచి ఒక పొట్లం తెచ్చాడు. సుల్తాన్‌బజార్‌లో నాటకాల సామాను అమ్మే చోట కొన్నదట, పెట్టుడు మీసం. ముందుచూపున్న మనిషి. బ్రష్షుతో జిగురు పూసి తన చేత్తోనే అంటించాడు. రెండ్రోజుల కిందట కత్తి తిరిగిన చర్మం భగ్గున మండి జంగయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇవాళొక్క రోజు చూద్దాం. ఇది నిలబడితే నీది పెరిగేదాకా ఇలాగే నెట్టుకొద్దాం. ఊడిపడి పరువు తీసిందో, ఇక నా చేతుల్లో ఏం లేదు జంగయ్యా."

మే నెల ఎండ. గుమ్మంలోంచి చూస్తే రోడ్డు మీద గాలి వణుకుతోంది. పదకొండు కాకముందే కార్లు మొదలయ్యాయి. జంగయ్య నడుం వంచి, మెడ మాత్రం వంచకుండా "దండాలు దొరా" అన్నాడు. మెలేయకుండా మెలేసినట్టు వేళ్లను గాల్లో తిప్పాడు. నవ్వితే పెదవి సాగుతుందని నవ్వలేదు. కోటు లోపల చెమట కాల్వలు కట్టింది. పెదవి మీద చెమట పట్టినప్పుడల్లా జిగురు కొద్దిగా కదిలినట్టు తెలుస్తోంది. తుడుచుకోవడానికి లేదు. పక్కన అట్టబొమ్మకు చెమట పట్టడం లేదు. జనం ఇద్దరి మధ్యా నిలబడి ఫొటోలు దిగుతున్నారు.

అతనికి భయం పెద్దవాళ్లతో కాదు, పిల్లలతో. రెండేళ్లుగా తనే అలవాటు చేశాడు. పిల్లలు వస్తే వంగి, "అసల్‌దే బిడ్డా, గుంజి చూడు" అనేవాడు. వాళ్లు గుంజితే నొప్పి నటిస్తూ కళ్లు తేలేసేవాడు. పిల్లలు విరగబడి నవ్వేవాళ్లు. ఆ ఉద్యోగంలో ఎవరూ నేర్పకుండా అతను సొంతంగా చేసిన పని అదొక్కటే. ఆ ఒక్కటే అతనికి ఇష్టమైనది కూడా.

పన్నెండున్నరకు చిన్మయి వచ్చింది. ప్రతి ఆదివారం అమ్మమ్మ విజయతో వచ్చే పిల్ల. ఇవాళ ఐదో పుట్టినరోజు, వెంట పదిహేను మంది బంధువులు. పుట్టినరోజు పిల్లలకు గుమ్మంలోనే బంతిపూల దండ వేసే ఆనవాయితీ ఉంది. జంగయ్య దండ పట్టుకుని, చేతులు బారచాపి, వీలైనంత దూరం నుంచి పిల్ల మెడలో వేసి వెనక్కి జరిగాడు.

"తాతా, మీసం."

"ఇయ్యాల వద్దు బిడ్డా. లోపల కేకున్నది, పో."

"మీసం లాగుతా."

"వద్దు తల్లీ. నొస్తది."

పిల్ల మూతి వంకరైంది. "ఒక్కసారి లాగనివ్వవయ్యా, పుట్టినరోజు పూట" అంది విజయ. "పొద్దుట్నుంచీ ఇదే గోల. కార్లో దారంతా ఇదే మాట." వెనక బంధువులు ఎండలో ఆగిపోయారు. ఒకాయన ఫోను ఎత్తి వీడియో తీస్తున్నాడు. జంగయ్య మేనేజరు వైపు చూశాడు. వంగు అన్నట్టు ఉదయభాస్కర్ గడ్డం కిందికి ఆడించాడు. వచ్చినవాళ్ల ముచ్చట తీర్చడమే ఆయన ఉద్యోగం మరి.

జంగయ్య వంగాడు. మెల్లగా అని కూడా అన్నాడు. చిన్మయి రెండు చేతులా పట్టుకుని, ప్రతి ఆదివారం లాగినట్టే లాగింది.

మీసం మొత్తం పిల్ల చేతిలోకి వచ్చింది.

జిగురు మరకతో, ఎర్రగా కమిలిన ఆ బోడి పెదవిని చూసి ముందు వీడియో తీస్తున్నాయన నవ్వాడు. ఆ తర్వాత అందరూ నవ్వారు. పిల్ల మాత్రం చేతిలోని వెంట్రుకలను చూసి కెవ్వున అరిచి విసిరేసింది. "ఈ తాత కాదు, ఈ తాత కాదు" అని ఏడుస్తూ, పక్కనున్న అట్టబొమ్మ కాళ్లను కరుచుకుంది.

"ఏంటి జంగయ్యా ఇది?" అంది విజయ.

"మా బాపు పోయిండమ్మా."

"అయ్యో, పాపం." ఆమె గొంతులో జాలి నిజమైనదే. ఒక్క నిమిషం నిలిచింది కూడా. "పిల్ల బాగా జడుసుకుంది. కాస్త అటు వెళ్లు, నువ్వు కనబడితే ఏడుపు ఆపదు."

జంగయ్య వెనక్కి, గిన్నెలు తోమే చోటికి వెళ్లాడు. కాసేపటికి ఉదయభాస్కర్ వచ్చాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మూడు నెలల్ల పెరుగుతది సార్."

"పెరిగాక ఫోన్ చెయ్యి. చూద్దాం."

"అందాక గీ ఎనక ఏదన్న పనుంటె..."

"వెనక పనికి మీసం అక్కర్లేదయ్యా, వయసు కావాలి." చెయ్యి చాపాడు. జంగయ్య తలపాగా తీసి ఇచ్చాడు, కోటు విప్పి మడతపెట్టి ఇచ్చాడు, పొన్నుకర్ర గోడకు ఆనించాడు. గుమ్మం వైపు చూసి అడిగాడు.

"మరి నా బొమ్మ సార్?"

"అది నీదెలా అవుతుంది? మేం చేయించుకున్నది. ఉంటుందిలే అక్కడే."

వెనక తలుపు నుంచి బయటికి వచ్చి, గోడ వెంట తిరిగి రోడ్డు వైపు నడిచాడు. ఆటో కోసం గడి ముందు నుంచే పోవాలి. చిన్మయి ఏడుపు మానింది. బంధువులంతా అట్టబొమ్మ చుట్టూ ఫొటో కోసం సర్దుకుంటున్నారు. పిల్లను నవ్వించడానికి ఎవరో ఆమె మెడలోని బంతిపూల దండ తీసి, తలపాగా మీదుగా అట్టబొమ్మ మెడలో వేశారు. చిన్మయి చప్పట్లు కొట్టింది.

జంగయ్య ఆగిపోయాడు. ఇంట్లో గోడ మీద తండ్రి ఫొటో కళ్లలో మెదిలింది. రేణుకమ్మ చూస్తే గుండె ఆగుతుందనుకున్నాడు. తువ్వాలు తలకు సరిగ్గా చుట్టుకుని నాలుగడుగులు దగ్గరికి వెళ్లాడు.

"జర ఆ దండ తియ్యున్రి బాబూ. మంచిది గాదు. నేను బతికే ఉన్న."

ఫోను పట్టుకున్నాయన తల ఎత్తి చూశాడు. తలకు తువ్వాలుతో, మాసిన చొక్కాతో ఉన్న ఆ ముసలాయన ఎవరో గుర్తుపట్టలేదు.

"కొంచెం పక్కకు జరుగు పెద్దాయనా. ఫొటోలోకి వస్తున్నావు."

జంగయ్య జరిగాడు. వచ్చిన ఆటో చివరి సీటులో సగం బయటికి కూర్చుని వెళ్లిపోయాడు. ఫొటో అయ్యాక అందరూ కేకు కొయ్యడానికి లోపలికి నడిచారు. దండ తీయడం ఎవరికీ గుర్తు లేదు.

చేతులు జోడించి, చెవుల దాకా మీసం మెలేసి, మెడలో బంతిపూల దండతో, జంగయ్య గడి గుమ్మంలో నిలబడే ఉన్నాడు.