ఎండకు వీపు తిప్పిన రోజు

సూర్యుడికి ఎదురుగా నిలబడి వీధి ఫొటోలు తీయడం నా పిచ్చి. చోలాన్ పేటలో మా సందు తూర్పుకు తెరుచుకుని, పడమటి చివర ఒక సున్నపు గోడ దగ్గర ఆగిపోతుంది. ఏడాదిలో ఓ మూడు రోజులు మాత్రం సూర్యుడు సరిగ్గా సందు మొదట్లోంచి పైకి లేస్తాడు. మనుషులూ సైకిళ్లూ నల్లగా, అంచులు మాత్రం నిప్పు అంటుకున్నట్టు కనిపిస్తాయి. సందులో జిగురన్నం అమ్మే లువా మామ్మ కుండ మూత తీస్తే లేచే ఆవిరి బంగారమైపోతుంది. ఆ ఒక్క ఫొటో కోసం రెండేళ్లుగా కాచుకున్నాను. ఈసారి మొదటి రెండు రోజులూ మబ్బు మింగేసింది.

మూడో రోజు తెల్లారకముందే సందులో కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాను. ఆకాశం తేటగా ఉంది. తీరా చూస్తే మామ్మ దగ్గర కుండా లేదు, పొయ్యీ లేదు. నీలం పట్టు పొడుగంగీ తొడుక్కుని, తల నున్నగా దువ్వుకుని, గోడ ముందు నిలబడి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. మోకాళ్లు అరిగిపోయి, ఏడున్నర బస్సుకు బెన్ త్రెలో చెల్లెలి దగ్గరికి శాశ్వతంగా వెళ్లిపోతోంది. తను పోయాక ఇంట్లో పూజపీఠం మీద పెట్టే ఫొటో తీసిపెడతానని టెట్ కొత్త సంవత్సరం పండగనాడు నేనే మాటిచ్చాను. మా ముసలివాళ్లు అది బతికుండగానే తీయించి దాచుకుంటారు. స్టూడియో వాళ్లు ముడతలన్నీ చెరిపేసి ఇంకెవరినో చేస్తారని ఆమె అటు పోలేదు. ఆమెవి నేను తీసినవి వందకు పైగా ఉన్నాయి, అన్నీ నల్లబొమ్మలే. చూపించినప్పుడల్లా, "ఈ బొగ్గుముద్దకి అగరొత్తులు ఎవడు వెలిగిస్తాడ్రా?" అనేది.

సముద్రంలో పోయిన వాళ్లాయనకు ఒక్క ఫొటో కూడా లేదు. పీఠం మీద ఆయన పేరు రాసిన ఎర్ర కాగితం ఉంటుంది, అంతే. తానూ అలా కాగితమై మిగలడమంటే ఆమెకు భయం.

సూర్యుడు లేచాడు. ఐసు దిమ్మలు వేసుకుని ఒకడు సైకిల్‌ని సందులోకి తిప్పాడు. దిమ్మల లోపలినుంచి వెలుగు కారుతోంది. నా చేతులు దురద పెట్టాయి. ఒక్క నిమిషం ఆగమన్నాను మామ్మని. ఆమె మెడ దగ్గర గుండీ సర్దుకుని నిలబడింది. అలా సర్దుకోవడం చూసి నా మీద నాకే అసహ్యం వేసింది. ఐసు వాణ్ణి వాడి దారిన పోనిచ్చి సూర్యుడికి వీపు తిప్పాను.

కళ్లు చికిలించొద్దన్నాను. ఎండ సూదుల్లా గుచ్చుతుంటే ఎలాగని ఆమె విసుక్కుంది. మళ్లీ తనే, "పీఠం మీద కళ్లు మూసుకుంటే నాకేం వడ్డించారో నాకెట్లా తెలుస్తుంది, తియ్యి," అని కళ్లు పెద్దవి చేసింది. నీళ్లు కారుతున్నా మూయలేదు. నొక్కాను. మరుక్షణం సూర్యుడు మబ్బులో పడ్డాడు, ఇంక బయటికి రాలేదు.

కెమెరా తెర చూశాను. ఆమె మొహం ప్రతి ముడతతో సహా చక్కగా వచ్చింది. కానీ పక్కన గోడ మీద, టోపీ పెట్టుకున్న నా నీడ, ఆమె భుజానికి భుజం ఆనించి నిలబడి ఉంది. ఇన్నేళ్లూ నా నీడ నా వెనకే పడేది. అదొకటి ఉందన్న సంగతే మరిచిపోయాను. నిన్నగాక మొన్న కెమెరా పట్టినవాడు కూడా చేయని తప్పు.

కంప్యూటర్‌లో చెరిపేస్తానని గొణిగాను. మామ్మ కెమెరా లాక్కుని కళ్లకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుంది. బస్సుకు వేళవుతోందని చెప్పినా వినిపించుకోలేదు.

"మా ఆయన టోపీ తీసేవాడు కాదురా," అంది చివరికి. "పెళ్లిరోజు కూడా."

కెమెరా నా చేతిలో పెట్టి, కొంగులేని ఆ అంగీ చేతితోనే కళ్లు తుడుచుకుంది.

"చెరపకు. ఆ ఎర్ర కాగితం ఇంక తీసేస్తాను."