మధ్యాహ్నపు డిన్నర్

పుట్టింటి మాటలు నాలుగు నాలుక మీంచి చెరిపేసుకోవడానికి డల్సీకి రెండేళ్ళు పట్టింది. చేతులు కడుక్కున్నంత తేలిక కాదది.

ఇంగ్లండు ఉత్తరాన, లాంకషైర్ కొండల కింద, నూలు మిల్లులు మూతపడ్డ ఆ ఊళ్ళో మధ్యాహ్నం పన్నెండింటికి తినేది డిన్నర్. సాయంత్రం ఐదింటికి తినేది టీ. టీ అంటే కప్పులో పోసేది ఒక్కటే కాదు. రొట్టె, వెన్న, చల్లటి మాంసం ముక్కలు, ఇంట్లో ఉంటే ఒక కేకు, అన్నీ కలిపి టీ. తల్లి గుమ్మంలో నిలబడి "టీ!" అని కేకేస్తే వీధిలో ఆడుకుంటున్న డల్సీ, అక్క ఎడ్నా ఒకరినొకరు తోసుకుంటూ పరిగెత్తింది ఆ రొట్టె కోసమే.

డల్సీ పెళ్ళి చేసుకుని దక్షిణాదికి, సర్రేలో ఒక లాయర్ల ఇంటికి వెళ్ళింది. అక్కడ మధ్యాహ్నం లంచ్, రాత్రి ఎనిమిదింటికి డిన్నర్, టీ అంటే ఉత్త టీ. కాపురానికి వెళ్ళిన మర్నాడు పదకొండింటికి వంటింట్లోకి వచ్చి, డిన్నర్‌కి ఏం చెయ్యమంటారని అత్తగారిని అడిగింది. ఆవిడ నవ్వలేదు. తలెత్తి గోడ గడియారం వైపు చూసింది, అంతే. తిట్టినా డల్సీ మరిచిపోయేదేమో, ఆ చూపు మాత్రం మరవలేదు. ఇంగ్లండులో మనిషి ఏ గడప తాలూకో తేల్చడానికి డబ్బూ బట్టా అక్కర్లేదు, ఏ పూట తిండిని ఏమంటాడో వింటే చాలు.

డల్సీ ఈ సంగతి ఎడ్నాకి చెప్పుకుంది. అప్పట్నుంచి ఎడ్నా చెల్లెలితో ఫోనులో మాట్లాడినప్పుడల్లా తనూ లంచ్ అనడం మొదలుపెట్టింది. చెల్లెలు చిన్నబుచ్చుకోకూడదని, పాపం. ఆమె మొగుడు క్లిఫర్డ్ దీన్ని పట్టుకుని ముప్పై ఏళ్ళు ఏడిపించాడు. మా ఆవిడ ఫోను ఎత్తితే లంచ్ తింటుంది, పెట్టేశాక డిన్నర్ తింటుంది, అందుకే అలా లావెక్కింది అనేవాడు.

ముప్పై ఏళ్ళు గడిచాక ఒక జూన్‌లో ఎడ్నా గుమ్మం మెట్టు కడుగుతూ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. క్లిఫర్డ్‌కి అప్పటికి డెబ్బై మూడేళ్ళు. షుగరు జబ్బు, గుండె నీరసం, కళ్ళు మసక. ఇన్సులిన్ సూది ఎడ్నాయే వేసేది. డల్సీ మొదటి రైలెక్కి వచ్చింది. తన భర్త పోయేముందు రెండేళ్ళు ఆయనకీ సూదులు వేసింది కాబట్టి చెయ్యి తిరిగిన మనిషే.

ఆసుపత్రిలో ఎడ్నాని ఆపరేషన్‌కి తీసుకెళ్ళబోతున్నారు. ఎడ్నా ముఖం నొప్పితో పాలిపోయి ఉంది. చెల్లెలి మణికట్టు పట్టుకుని చెప్పింది.

"పొద్దున చిన్న సూది, బ్రేక్‌ఫాస్ట్‌కి ముందు. పెద్దది డిన్నర్‌కి అరగంట ముందు. సూది పడ్డాక తిండి ఆలస్యం చెయ్యకే, ఆయన తట్టుకోలేడు."

డల్సీ ఒక కవరు వెనకాల రాసుకుంది. డిన్నర్‌కి అరగంట ముందు. అక్షరం పొల్లుపోకుండా రాసింది. ముప్పై ఏళ్ళుగా అక్క తనతో మధ్యాహ్నం తిండిని లంచ్ అనే అంటోంది కాబట్టి, డిన్నర్ అంటే రాత్రిదే అనుకుంది.

మర్నాడు పొద్దున సూది సవ్యంగానే పడింది. మధ్యాహ్నం సూపూ శాండ్‌విచ్చూ తెచ్చి బావ ముందు పెట్టింది. ఆ రోజు మంగళవారం; ఎడ్నా ఉంటే ఆ వేళకి ఎర్రగా వేగిన బంగాళాదుంపల కింద మాంసం ఉడికిన కుండ బల్ల మీదికి రావాలి. క్లిఫర్డ్ పళ్ళెం మీదికి వంగి వెతికినట్టు చూశాడు.

"ఏం మరదలా, మీ ఊళ్ళో మగాళ్ళు దీంతోనే బతుకుతారా? అందుకేలే అంత మర్యాదస్తులు. అరవడానికి ఓపికెక్కడిది?"

డల్సీ నవ్వి, రాత్రికి కోడి కాల్చి మంచి డిన్నర్ పెడతానని మాటిచ్చింది. ముసలాయన లోలోపల సంతోషపడ్డాడు. ఐదింటికి టీ ఎలాగూ ఉంటుంది, పైగా రాత్రికి ఇంకో భోజనం కూడానా అనుకున్నాడు. సూది ఊసు ఆమె ఎత్తలేదు. సూదంటే ఆయనకి బడి ఎగ్గొట్టే పిల్లాడికి ఉన్నంత భయం. గుర్తు చేయకుండా నోరు మూసుకున్నాడు.

ఐదయింది. క్లిఫర్డ్ బల్ల దగ్గరికొచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. "టీ వేళయినట్టుంది" అన్నాడు. డల్సీ చక్కెర లేకుండా టీ కలిపి ఇచ్చింది. ఆయన తాగి, ఇంకా కూర్చునే ఉన్నాడు. ఆరింటికి మళ్ళీ, టీ సంగతేమిటని మెల్లగా అడిగాడు. ఇంకో కప్పు ఇచ్చింది. ఇంటికొచ్చిన మనిషిని ఆకలేస్తోంది, పెట్టమని అడగడం ఆయన పెరిగిన ఇంట్లో సిగ్గుమాలిన పని. మొహమాటం కొద్దీ అదీ తాగాడు.

పావుతక్కువ ఏడింటికి ఆమె పెద్ద సూది వేసింది. క్లిఫర్డ్ మొహం చిట్లించి, "హమ్మయ్య, ఇహ టీ పెట్టేస్తావన్నమాట" అన్నాడు.

"రెండు కప్పులయ్యాయి బావా. ఇంకా తాగితే కోడి ఎక్కడ పడుతుంది?"

ఆయన ఫోర్కు చేతిలోకి తీసుకుని బల్ల దగ్గరే కూర్చున్నాడు.

ఎడ్నా పొయ్యి ముసలిది, దాని మంట ఎడ్నాకే వశం. ఏడుంపావుకి కోడిని కోస్తే లోపల ఎర్రగా ఉంది. డల్సీ మళ్ళీ లోపలికి తోసింది. ఏడున్నరకీ అంతే. ఇంకో పది నిమిషాలు బావా, ఇంకో పదే, అని వంటింట్లోంచే చెప్పింది. ఆయన గొంతు ముద్దముద్దగా వినబడితే ఆకలికి వేషాలు వేస్తున్నాడనుకుంది, నవ్వింది కూడా. పళ్ళేలు పట్టుకుని వచ్చేసరికి ఎనిమిది. బయట ఇంకా వెలుతురుంది. క్లిఫర్డ్ చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. చేతిలో ఫోర్కు పట్టుకునే ఉన్నాడు. పిలిస్తే పలకలేదు.

అంబులెన్సు దారిలో ఉండగానే గుండె ఆగిపోయింది. రక్తంలో చక్కెర బాగా పడిపోయిందనీ, నీరసపు గుండె ఆ దెబ్బకి తట్టుకోలేదనీ డాక్టరు చెప్పాడు.

పొద్దున్నే ఎడ్నా మంచం పక్కన కూర్చుని డల్సీయే చెప్పింది. సూది, కోడి, పొయ్యి, అన్నీ చెప్పింది. ఎడ్నా ఏడవకుండా విన్నది. విని, సూది ఏ వేళకి వేశావని అడిగింది.

"నువ్వు చెప్పినట్టే అక్కా, డిన్నర్‌కి ముందు. పావుతక్కువ ఏడింటికి."

ఎడ్నా కళ్ళు మూసుకుంది. అలాగే అడిగింది. "ఐదింటికి టీ అయినా పెట్టావా?"

"అడిగాడక్కా. రెండుసార్లు అడిగాడు. రెండు కప్పులు..."

అంటూనే ఆగిపోయింది డల్సీ. టీ. చిన్నప్పుడు వింటూనే వీధి చివరి నుంచి తను ఆకలితో పరిగెత్తుకొచ్చిన మాట అది. అర్థం తెలియని మాటయితే తెలియక చేశానని ఏడవవచ్చు. ఇది తెలిసిన మాట, ఒక ముసలావిడ గడియారం వైపు చూసిందని తనే చేజేతులా నాలుక మీంచి గీకి పారేసిన మాట. బావ దాన్ని మూడుసార్లు తన ముందు పెట్టాడు. ఏళ్ళ తరబడి సర్రేలో ఎవరి మెప్పు కోసం ఇంత కష్టపడిందో, వాళ్ళ మొహాలు కూడా ఇప్పుడామెకు గుర్తు రావడం లేదు.

అక్క తిడుతుందని చూసింది. చెంప మీద కొడితే బాగుండునని నిజంగా కోరుకుంది.

"నాదేనే తప్పు" అంది ఎడ్నా. "నీతో లంచ్ అనే అనాల్సింది. నీకు మన మాట నచ్చదని తెలుసు కూడాను. ఆ నొప్పిలో మరిచిపోయానే, ఏమనుకోకు."

క్షమించమన్నట్టు ఆమె చెల్లెలి చెయ్యి పట్టుకుంది.