ఆరో మంచం గుండె

నేల తుడిచే కర్రను గోడకు ఆనించి, ఆయా ఆరో మంచం ముసలాయన చేతి నుంచి నల్లపట్టీ విప్పి తన మణికట్టుకు చుట్టుకుంది. మూడు వారాలుగా రోజూ ఇదే పని.

పట్టీ గుండె కొట్టుకునే లెక్కను నర్సులు కూర్చునే అద్దాల గదిలోని తెరకు పంపుతుంది. ఆ తెర వచ్చాక వార్డులో నలుగురు నర్సులకు ఒక్కరే మిగిలారు; ఆ ఒక్కరూ రోగుల్ని తెరలోనే పలకరిస్తారు. ముసలాయన చర్మం ఉల్లిపొర. పట్టీ ఒరుసుకుని పుండు పడింది. దురద పుట్టి పీకేస్తే యంత్రం ఊరంతా వినేలా కూసేది, చీవాట్లు ఆయాకు పడేవి. యంత్రానికి కావలసింది ఒక గుండె, ఎవరిదైతేనేం అనుకుంది.

ఇవాళ పొద్దున్నుంచీ ఎడమ భుజం లాగేస్తోంది. రెండు బకెట్లు మోసినందుకేమోలే అనుకుని, ఇంకో రెండు మోసింది.

పదకొండింటికి నర్సు అద్దాల గది కిటికీలోంచి చెయ్యి చాపింది. "ఆయమ్మా, ఆరో మంచానికి ఈ మాత్ర వెయ్యి. గుండె తడబడుతోంది. డాక్టరుగారు ఫోన్లోనే చూసి చెప్పారు."

ముసలాయన మాత్రను అనుమానంగా చూశాడు. "నాకేం రోగం? పొద్దున మూడు రొట్టెలు తిన్నాను."

"తెర చెబుతోంది బాబాయిగారూ. మనకంటే చదువుకున్నది."

"నీ మొహం నిండా ఆ చెమటలేంటి అమ్మాయీ? నువ్వే వేసుకో."

"మీ జబ్బుకి నేను మందు మింగాలా? బాగుంది సంబడం."

అని నవ్వింది కానీ, నవ్వు మధ్యలోనే ఆగింది. చేతి పట్టీ కేసి చూసుకుంది. నర్సుకు చెబితే పట్టీ సంగతీ చెప్పాలి. రిటైర్మెంటు ఇంక ఏడు నెలలే. సాయంత్రం డ్యూటీ దిగాక చూపించుకుంటే సరి. ఆమె అటు తిరగ్గానే ముసలాయన నోట్లో వేసుకున్న మాత్రను మంచం పక్క కిటికీలోంచి బయటికి ఉమ్మేశాడు.

మూడింటికి తెర ఎర్రబడింది. ఎన్నడూ లేనిది అద్దాల తలుపు తోసుకుని నర్సు, వెనకే యంత్రాల బండితో డాక్టరు ఆరో మంచానికి పరుగెత్తారు. ముసలాయన దిండుకు చేరగిలబడి నారింజ ఒలుచుకుంటున్నాడు.

"గుండె ఆగిపోయింది," అంది నర్సు, చేతిలోని చిన్న తెర మీంచి చూపు తిప్పకుండా.

"ఎవరిదీ?" అన్నాడాయన. అంతలోనే ఆయన వేళ్ళు ఆగాయి. "అమ్మాయేదీ? పట్టీ తన చేతికుంది."

ఆయా దుప్పట్లు మడిచే గది వార్డుకు ఆ చివర. అప్పటిదాకా అక్కడికి ఎవరూ పరుగెత్తలేదు, ఇప్పుడు వెళ్ళినవాళ్ళు తొందరగా తిరిగీ రాలేదు.

ఆమెను తీసుకెళ్ళాక బల్ల మీద ఒక దుప్పటి మిగిలింది, అంచుకు అంచు కలిపి సగం మడిచి, రెండో మడతకు వేలితో నొక్కిన గీతతో.